రథం తాడు మీద చెయ్యి

బందరులో మా ఆడపిల్లల హైస్కూల్లో జడత్వం అన్న మాట మొదటిసారి వినగానే క్లాసంతా ఒకరి జడ ఒకరు చూసుకుని నవ్వాం. "జడత్వమంటే జడేసుకోవడమా మాస్టారూ?" అని వెనక బెంచీ అడిగింది. సైన్సు మాస్టారు కోప్పడలేదు. నన్ను లేపి, "గిరుక్కున తల తిప్పమ్మా" అన్నారు. తిప్పాను. తల ముందు తిరిగింది. జడ వెనకబడి, తర్వాత విసురుగా వచ్చి పక్కపిల్ల చెంపకు తగిలింది.

"చూశారా? ఉన్నచోటు వదలనంటుంది. కదిలాక ఆగనంటుంది. అదే జడత్వం!"

ఆ రోజు నుంచి ఆయనే నా గురువు. ఆదివారాలు ఆయన నడిపే చర్చల్లో దెయ్యాల మీద, ముహూర్తాల మీద వాదించడం నేర్చుకున్నాను. కాలేజీకి వచ్చాక ఆయన వెంట దివిసీమ ఊళ్లు తిరిగాను. బల్ల మీద పెడన అద్దకం గుడ్డ పరిచి, నీళ్ల గ్లాసులు పెట్టి, గుడ్డ చటుక్కున లాగేవాళ్లం. గ్లాసులు తొణికేవి కావు. బస్సులో బ్రేకు పడి జనం ముందుకు తూలినప్పుడల్లా మాస్టారు "జడత్వం!" అని కేకేసేవారు. "ఎవరండీ బాబూ ఆవిడ, టిక్కెట్టు తీసుకుందా?" అనేవాడు కండక్టరు.

పాలకాయతిప్ప దారిలో ఒక ఊళ్లో అమ్మవారి రథం ఇసుకలో ఆగిపోయింది. తాడు పట్టినవాళ్లలో చేపలమ్ముకునే ఒకామె ఉంది. ఆమె భర్త సముద్రం మీదికి చేపల వేటకెళ్లి తిరిగిరాలేదు. ఆమె చెయ్యి పడబట్టే రథం ఆగిందన్నారు. ఆమెను పక్కకు నెట్టి, చక్రాల ముందు ఇసుక తవ్వి, చెక్కలు పరిచి, అందరూ ఒక్క కేకతో లాగారు. కదిలింది. ఇంకేం, నేరం రుజువైపోయింది! ఇకమీదట ఆమె తాడు ముట్టకూడదు, గుడి ముందున్న బోరింగులో నీళ్లు కొట్టుకోకూడదు. ఆమె ఉండే పేటకి మంచినీళ్లు అక్కడే.

ఆమె బందరు వచ్చి మమ్మల్ని కలిసింది. "పెద్దమనుషుల్ని మళ్లీ కూర్చోబెడతన్నానండి. మీరొచ్చి చెబితే ఇంటారు. నా చేతికి చేపల వాసన తప్ప ఏముందండీ?"

"నేనొస్తానమ్మా. చక్రం ఇసకలో దిగబడితే దేవుడు తోసినా కదలదు. ఆ మాట అందరి ముందూ చెబుతా" అన్నారు మాస్టారు.

వెళ్లాం. రథం చేయించిన పెద్దాయన ఎదురొచ్చి, "రండి బావగారూ!" అన్నాడు. మా వైపు అందరూ అందరికీ బావగార్లే కదా అనుకున్నాను. "మన పిల్లల పెళ్లికి మాఘంలో ముహూర్తం కుదిరిందండోయ్" అని ఆయన అన్నాక గానీ నాకు అర్థం కాలేదు. మాస్టారు మంచిదన్నట్టు తలూపారు. ముహూర్తానికి!

రథం ఎందుకాగిందో చెప్పమని ఆమె అందరి ముందూ అడిగింది. మాస్టారు గొంతు సవరించుకున్నారు. "సైన్సుకి అందనివి కూడా ఉంటాయమ్మా. ఊరి ఆచారం ఊరికి వదిలేద్దాం."

నేను లేచాను. "చెక్కలు వెయ్యకుండా, అదే ఇసకలో, ఈమె లేకుండా లాగి చూపించండి!"

"గురువుగారే చెప్పేశాక శిష్యురాలికేం మిగిలిందమ్మా?" అన్నాడు పెద్దాయన. అందరూ నవ్వారు. "కూర్చోమ్మా" అన్నారు మాస్టారు, నా మొహం చూడకుండా.

తెలియక నమ్మేవాడితో జీవితమంతా వాదించగలను. ఈ పూటా వాదిస్తాను. తెలిసీ నమ్మినట్టు తలూపినవాడితో ఏ గుడ్డ లాగి, ఏ గ్లాసు చూపించి వాదించాలి?

ఆమె వెంట తెచ్చుకున్న ఖాళీ బిందె చంకనెత్తుకుంది. "వస్తానన్నారు, వచ్చారు. చెబుతానన్నారు, నమ్మింది నేనేనండి" అని ఆయనతో అని వెళ్లిపోయింది. బోరింగు వైపు కాదు, కాలవ వైపు.

తిరుగు బస్సులో, చల్లపల్లి దాటాక, గేదె అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు తొక్కాడు. అందరం ముందుకు తూలాం. కండక్టరు నవ్వడానికి సిద్ధమై మాస్టారి వైపు చూశాడు. ఆయన తూలలేదు. ముందు సీటు కడ్డీని ఎప్పటినుంచో రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉన్నారు.