మామకు చదివి వినిపించని అర్జీ

పోయిన నెల పింఛను పని మీద పోస్టాఫీసుకు వెళ్ళాను. నా ముందు నిలబడిన ముసలామె బొటనవేలిని ఊదారంగు సిరాపెట్టె మీద అదిమి, కాగితం మీద ఒత్తి, వేలిని కొంగుకు తుడుచుకుంటూ గుమాస్తాను అడిగింది: "ఏం రాసినావప్పా దీంట్లో?" ఆయన తల ఎత్తకుండానే "నీకు మంచిదే రాసినాలేమ్మా, పో" అన్నాడు. ఆ సిరా వాసనా ఆ మాటా ఒక్కసారిగా తగిలాయి. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు అచ్చం ఇదే మాట నేనూ అన్నాను, మా చెన్నప్ప మామతో. ఇంత వయసు మీద పడినా అది తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

చెన్నప్ప మామ మా అమ్మకు తమ్ముడు. ప్రొద్దుటూరులో నేత పని. ముప్పై అయిదేళ్ళ వయసులో కళ్ళకు జబ్బు చేస్తే ఎవరో పసరు పోశారు. ఉన్న చూపు కూడా దాంతో పోయింది. నెల రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడట. ఆ తర్వాత ఒక పొద్దున తనంతట తానే లేచి, తడుముకుంటూ పోయి, మగ్గం గుంటలోకి కాళ్ళు దించి కూర్చున్నాడట. నూలు కండెలు చుట్టేది, నిలువు పోగుల పడుగు అతికేది ఆయన భార్య లక్షుమ్మత్త. నేసేది మాత్రం ఆయనే. అంచు పనులు చేతకాక సాదా పంచెలు నేసేవాడు. మా నాయన చనిపోయాక నన్ను ఎస్సెల్సీ దాకా చదివించింది ఆ పంచెలే. ఒకసారి జానెడు గుడ్డ నేశాక ఎక్కడో ఒక పోగు తప్పిందని వేలికి తెలిసింది. అంతా విప్పడం మొదలుపెట్టాడు. "పోనీలే మామా, ఎవరికి కనపడుతుంది?" అన్నాను. "నాకు కనపడతాండాది గదరా" అన్నాడు గుడ్డి మామ. అత్త పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ మాటను ఎక్కడ దాచుకోవాలో అక్కడ దాచుకోలేదు.

చదువు అయ్యాక జమ్మలమడుగులో తాలూకా ఆఫీసు ముందర కూర్చునే ఒక అర్జీల పంతులు దగ్గర చేరాను. ఆయన చేయి తిరిగిన మనిషి. "అడగందే అమ్మయినా పెట్టదు, ఏడవందే సర్కారు పెట్టదు" అనేవాడు. అర్జీ అంటే మొదట 'మహారాజశ్రీ', చివర 'తమ పాదాల చెంత', నడుమ అంతా ఏడుపు. ఎకరా ఉన్నవాడికి సెంటు భూమి కూడా లేదనాలి. ముగ్గురు కొడుకులున్న ముసలమ్మను అనాథ అనాలి. రాయించుకునేవాళ్ళూ అట్లాగే రాయమనేవాళ్ళు, చదివే అధికారులూ సగం తీసేసి చదువుకునేవాళ్ళు. అందరికీ తెలిసిన తంతు. ఏడాది తిరిగేసరికి పంతులు కంటే నేనే బాగా ఏడిపిస్తానని పేరొచ్చింది. నాకు తల పొగరు కూడా వచ్చింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేతవాళ్ళ సంఘం తరఫున ప్రొద్దుటూరు చివర వరుసగా ఇండ్లు కట్టించి ఇచ్చారు. మామకూ ఒకటి వచ్చింది. రెండేళ్ళకు నోటీసు పంపారు: కడప నుంచి అధికారి వచ్చి విచారణ చేస్తాడు, మగ్గం ఆడని ఇల్లు ఖాళీ చేయించి, ఇల్లు లేని నేతగాడికి ఇస్తాడు. గుడ్డివాడు నేయడమేంది, మగ్గం ఎవరికో బాడుగకు ఇచ్చుంటాడని ఎవడో పైవాళ్ళ చెవిన వేసినట్టున్నాడు. ఇల్లు పోతే మామకు దిక్కు పులివెందులలో లక్షుమ్మత్త అన్న ఇంటి పంచ. మనుషులైతే పంచన పడుంటారు. మగ్గం గుంట తవ్వుకోవడానికి అక్కడ ఎవరు చోటిస్తారు? మగ్గం లేకపోతే మామ మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడని అత్త భయం.

కబురందగానే బస్సెక్కి పోయాను. మామ తొణకలేదు. "ఏముండాదిరా నాగా, ఒక్క ముక్క రాయి. నేను నేస్తాండా, వచ్చి చూసుకోండి అని. అంతే."

"అట్ల రాస్తే ఎవడు పట్టించుకుంటాడు మామా? నాకు వదిలెయ్" అన్నాను.

వదిలేశాడు, పాపం. నోటీసులో ఏముందో మళ్ళీ చూసుకోకుండా, అలవాటైన ఏడుపుతో నేను పేజీన్నర రాశాను. రాస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి, అంత బాగా కుదిరింది! మామ చదవమన్నాడు. అప్పుడు చేశాను ఆ పాడు పని. కాగితం ముఖానికి ఎదురుగా పట్టుకొని, అందులో లేనిది చదివాను. 'నేను మగ్గం నేయుచున్నాను, తమరు దయచేసి చూడవలెను' అని నాలుగు వాక్యాలు గడగడా అప్పజెప్పాను. "ఇంతేనా? శానా సేపు రాసినట్లుండావే" అన్నాడు. "నీకు మంచిదే రాసినాలే మామా" అని ఆయన బొటనవేలిని పట్టి సిరాలో అద్దాను. నవ్వుతూనే ముద్ర వేశాడు. కళ్ళున్నవాణ్ణి మోసం చేయడానికి కాస్త తెలివైనా కావాలి. నాకు అదీ అవసరం పడలేదు.

వారానికి అధికారి వచ్చాడు. నేనూ వెళ్ళాను, నా అర్జీ పనిచేయడం కళ్ళారా చూద్దామని. మామ గుంటలో కూర్చొని నేస్తున్నాడు. అధికారి గడపలో నిలబడి కాసేపు చూసి, సంచిలోంచి కాగితం తీసి పైకి చదివాడు. వీధంతా గుమిగూడి ఉంది. "'రెండు కండ్లును లేని నిర్భాగ్యుణ్ణి. మగ్గమెక్కి ఏండ్లు గడిచినవి. నా చేతులు ఏ పనికిని రావు. పరుల ముద్దకు చేయి చాచి బ్రతుకుచున్నాను.' ఈ అర్జీ మీదేనా?"

మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగిపోయింది. మామ ముఖం నేనున్న వైపు తిరిగింది. నేను ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

"ఏలిముద్ర నాదే సామీ" అన్నాడు మామ.

"మగ్గమెక్కి ఏండ్లయిందంటివి. మరి ఈ గుడ్డ ఎవరు నేసింది?"

"అదీ నేనే."

"రెండూ ఎట్ల నిజమవుతాయయ్యా? మగ్గం ఆడకపోతే ఇల్లే లేదని నోటీసులో రాసినాం గదా. నీ రాత ప్రకారం నేనిప్పుడే ఖాళీ చేయించొచ్చు."

నా ఏడుపే ఆయన ఇంటికి ఎసరు పెట్టిందని అప్పుడు అర్థమైంది. 'సార్, అది నేను రాసింది, ఆయనకు వేరే చదివి వినిపించినాను' అనాలి. అంతే. కానీ ఆ మాట పంతులు చెవిన పడితే నా బతుకుదెరువు పోతుందని లోపల లెక్క నడుస్తోంది. లక్షుమ్మత్త నన్ను చూసి, కళ్ళు దించుకుంది.

"ఇల్లు పోతాదని బయపడి రాయించినా సామీ. తప్పు నాదే" అన్నాడు మామ.

"అయితే నేసి చూపించు" అన్నాడు అధికారి. మామ నేశాడు. అధికారే వంగి ఒక పడుగు పోగు తెంపాడు. నాలుగు నాడెలు పడేలోగా మామ ఆగి, వేళ్ళతో వెతికి, తెగిన చోటు పట్టి ముడి వేశాడు. వీధిలో ఎవరో భలే అన్నారు. కోతి ఆడితే జనం అంటారే, అట్లా. అధికారి చెడ్డవాడు కాదు. ఇల్లు మామకే ఉంచుతున్నట్టు రాశాడు. అయితే అబద్ధపు అర్జీ పెట్టినందుకు అందరి ముందూ తప్పు ఒప్పుకోమన్నాడు. మామ గుంటలోంచి పైకి వచ్చి, మనిషి ఎటు ఉన్నాడో తెలియక, గోడకు దండం పెట్టి "తప్పయింది" అన్నాడు. అత్త పోయి ఆయన భుజాలు పట్టి ఇటు తిప్పింది. మళ్ళీ అన్నాడు.

జనం పోయాక నేనూ మెల్లగా జారుకోబోయాను. "నాగా, ఈడికి రా. దాని నకలు నీ కాడ ఉంటాది గదా. అంతా చదువు. ఈసారి ఉన్నదున్నట్ల చదువు" అన్నాడు. జేబులోంచి తీసి చదివాను. 'నిర్భాగ్యుణ్ణి' దగ్గర కాగితం దించాను. ఆగితే "ఊఁ" అన్నాడు. పేజీన్నర. 'కట్టెదుట భార్య కడుపు మాడుచున్నను' అన్నచోట వంటింట్లో అత్త గిన్నెల చప్పుడు ఆగింది. చివరి 'తమ పాదాల చెంత' దాకా చదివించాడు. తిట్టినా, చెంప పగలగొట్టినా బాగుండేది.

"శానా బాగా రాసినావురా. ఇంటాంటే నాకే ఏడుపొచ్చింది. ఆ మనిషెవురో గానీ, పాపం" అన్నాడు.

అన్నం పెట్టించాడు. బస్సు దాకా అత్తను తోడు పంపించాడు. మళ్ళీ బతికినన్నాళ్ళూ నాతో ఒక్క ఉత్తరం కూడా రాయించలేదు. మా అమ్మకు రాయాల్సినవి పక్కింటి వాళ్ళతో రాయించేవాడు, నేను అక్కడే కూర్చొని ఉన్నా సరే. ఆ తర్వాత నేనెన్నో ఏళ్ళు అర్జీలు రాశాను. ప్రతిదీ రాయించుకున్నవాళ్ళకు అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాకే ముద్ర వేయించాను. నాగన్న నిజాయితీపరుడని జనం అనుకునేవాళ్ళు. నేను కాదని అనలేదు. ఆ రోజు గడపలో నిలబడి "అది నేను రాసింది సార్" అనడానికి నాకు ఒక్క గుక్క సరిపోయేది. ఆ మాట ఇప్పుడు మీకు చెబుతున్నాను. వినాల్సిన మామ పోయి చాలా ఏళ్ళయింది.