ఇరవై ఏడో పుట

2011 జూన్‌లో నాకు కోదాడ నుంచి బదిలీ అయింది. సూర్యాపేటకూ నేరేడుచర్లకూ మధ్య ఒక శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా చేరాను. ఊరి పేరు చెప్పను. తప్పు నాది, దాన్ని ఊరికి అంటగట్టడం ఎందుకు? అప్పటికి నాకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది.

చార్జి తీసుకునేటప్పుడు పుస్తకాలన్నిటినీ రిజిస్టరుతో సరిచూసుకోవాలి. ప్రతి పుస్తకానికీ ఒక వరుస సంఖ్య ఉంటుంది. దాన్ని లోపలి అట్ట మీదా మొదటి పుట మీదా వేస్తాం. పుస్తకం ఎత్తుకుపోయేవాళ్లు ముందు ఆ రెండే చింపేస్తారు. అందుకని లోపల ఇంకో పుట అడుగున కూడా అదే సంఖ్య సన్నగా రాసిపెడతాం. అన్ని పుస్తకాల్లోనూ అదే పుట. దాన్ని రహస్య పుట అంటాం, పాఠకులకు చెప్పం. మా శాఖలో అది ఇరవై ఏడు. ఇప్పుడు చెప్పినా నాకెవరూ మెమో ఇవ్వలేరు కాబట్టి చెబుతున్నాను.

ఆ శాఖలో అందరూ ‘గొర్రెల పుస్తకం’ అని పిలిచే పుస్తకం ఒకటి ఉండేది. తిరుమలగిరి వైపు గొర్రెల కాపర్ల ఇంట పుట్టి బడిపంతులైన ఒకాయన రాశారు. ఏ రోగానికి ఏ ఆకు, ఏ కూతకు మంద ఎటు మళ్లుతుంది, వాన ముందు గొర్రె ఎలా నిలబడుతుంది, అన్నీ అందులో ఉండేవి. ఒక్కసారే అచ్చయింది. నాకు తెలిసినంతలో మిగిలింది మా ప్రతి ఒక్కటే. కాగితం అప్పడంలా విరిగేది. ‘ఇంటికి ఇవ్వరాదు’ అని చీటీ అంటించి నా బల్ల పక్క బీరువాలో పెట్టాను.

ఆ రచయిత తమ్ముడు కొమురయ్య ప్రతి ఆదివారం వచ్చేవాడు. చదువు రాదు. చిన్నతనంలోనే ఇంట్లో మంద అమ్మేస్తే కూలికి పోయి, తర్వాత మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో చేరి, అక్కడే జుట్టు నెరిసింది. వచ్చి చేతికర్ర గోడకు ఆనించి, “మేడం, జర మా అన్న పుస్తకం సదువుండ్రి” అనేవాడు. ‘నిశ్శబ్దం పాటించవలెను’ అన్న బోర్డు కింద కూర్చుని నేనే గట్టిగా చదివేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. “మా అన్న గిట్లనే మాట్లాడేటోడు. నేనాయన ఎంబడి మందకాడ ఇంకో నాలుగేండ్లన్న ఉంటే బాగుండు” అన్నాడొకసారి. ఆ ఆదివారాలు నాకు ఇప్పటికీ కావాలనిపిస్తాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక పుస్తకం చేరవలసిన మనిషికి చేరడం అంత దగ్గరగా నేను ఇంకెక్కడా చూడలేదు.

మరుసటి వేసవిలో ఆయన జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాడు. ఆయన కూతురు సుజాత నేరేడుచర్లలో పశువుల దవాఖానలో అసిస్టెంటు. ఆమె వచ్చి అడిగితే కాదనలేక, నియమం పక్కనపెట్టి, నా పేరునే పద్నాలుగు రోజులకు రాసుకుని పుస్తకం ఇచ్చాను. పన్నెండో రోజునే భద్రంగా తెచ్చిచ్చింది.

అక్టోబరులో మిర్యాలగూడ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది రైసు మిల్లున్న ఒక సేటు. గొర్రెల పుస్తకాన్ని ఒకప్పుడు హక్కులు రాయించుకుని అచ్చు వేయించింది ఆయన తండ్రి. ఎవరో ఆ పుస్తకమంతా ఇంటర్నెట్లో పెట్టారనీ, రచయిత 1979లో పోయారు కాబట్టి అరవై ఏళ్లు, అంటే 2039 ఆఖరుదాకా హక్కు తమదేననీ, మీ ప్రతినుంచి జరిగిందేమో విచారించి చెప్పమనీ రాశారు. నమూనాకు ఒక పుట ప్రింటు తీసి జతచేశారు. అది ఇరవై ఏడో పుట. అడుగున నీలం సిరాలో మా సంఖ్య. సేటుకు ఆ అంకె ఏమిటో తెలియదు. నేను మాత్రం బీరువా తెరిచి సరిచూసుకున్నాను, అది మా ప్రతే.

సుజాతను పిలిపించాను. ఆమె దాచలేదు. “నేను అమ్ముకోలే మేడం. మా నాయినకు సదివి ఇనిపిస్తుంటే పక్క మందలోళ్లు కూడ అడగవట్టిరి. ఎంతమందికని పోయి సదవాలె? ఫోటోలు తీసి నెట్ సెంటరోళ్లతోని నెట్ల పెట్టిచ్చిన” అంది. కేసైతే జైలుదాకా పోవచ్చనీ, ప్రభుత్వ ఉద్యోగం ఉండదనీ చెప్పాను. ఇవ్వకూడని పుస్తకం ఇచ్చినందుకు నా పెన్షనూ చిక్కుల్లో పడుతుందన్న మాట మాత్రం పైకి చెప్పలేదు. “నెట్‌లోంచి తీసెయ్. నీ దగ్గర కూడా ఒక్క ఫోటో మిగలొద్దు” అన్నాను. ఆమె ఏడుస్తూ నా ఎదురుగానే ఫోన్‌లోవి తుడిచేసింది. సాయంత్రానికి నెట్ సెంటర్‌కు పోయి ఇంటర్నెట్లోవీ, అక్కడి కంప్యూటర్లోవీ తీసేయించింది. పుస్తకం ఇంటర్నెట్లో లేదనీ, ఎవరు పెట్టిందీ తేలలేదనీ సేటుకు జవాబు రాశాను.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. మాకు కుర్చీలు ఇచ్చిన దాత కాబట్టి ఆ సేటునే ముఖ్య అతిథిగా ఆ ఉత్తరం రాకముందే పిలిచి ఉన్నాం. అందరూ మాట్లాడుకుంటున్నారని అప్పుడే చర్చకు ‘ఇంటర్నెట్ పైరసీ, రచయిత హక్కు’ అన్న అంశం పెట్టింది కూడా నేనే. ఒక రిటైర్డు మాస్టారు లేచి, పోయినాయన ఇంకో అరవై ఏళ్లు కొత్తగా ఏం రాస్తాడని అడిగితే హాలంతా నవ్వింది. సేటు నవ్వలేదు. “రైతు పోతే పొలం ఊరిదైతదా సారూ?” అన్నారు. అదీ న్యాయంగానే వినిపించింది. వెనక వరసలోంచి సుజాత లేచింది. “పొలం మీదే సేటూ. ఇత్తనం కూడ గాదెల పెట్టి తాళమేస్తే ఎట్ల? మా నాయినకు డెబ్బై రెండు. వాళ్లన్న పుస్తకం ఇనాలంటే నూరేండ్లు బతకాల్నా?” అంది.

సేటు తమ ఇంట్లో ఒక్క ప్రతి కూడా లేదనీ, దొరికితే మళ్లీ అచ్చు వేయిస్తాననీ అన్నారు. నావైపు తిరిగి, “మీ కాపీ ఉంటే ఇయ్యుండ్రి మేడం” అన్నారు. ఇస్తే ఇరవై ఏడో పుట అడుగున తాము పంపిన ప్రింటులోని అంకే చూస్తారు, గుర్తుపడతారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, “వెతికి చెబుతానండీ” అన్నాను. పుస్తకం నాకు నాలుగడుగుల దూరంలో బీరువాలో ఉంది.

ఆ తర్వాత సూర్యాపేట వకీలొకాయన మాట్లాడారు. నేనొక్క ముక్క వినలేదు, సేటు ముఖం చూస్తూ కూర్చున్నాను. మర్నాడు పుస్తకాన్ని వెనక గదిలో పాత పత్రికల కట్టల కింద దాచాను. సేటు రెండుసార్లు కబురు పెట్టారు. ఇంకా వెతుకుతున్నామని చెప్పించాను.

2013 వానాకాలంలో వెనక గోడ చెమ్మెక్కింది. కట్టలు కదిపేసరికి చెదలు పని ముగించాయి. అట్ట, దానికి అతుక్కుని నాలుగు పుటల అంచులు మిగిలాయి. పాడైన పుస్తకాల జాబితా తయారుచేసి, పైఆఫీసు అనుమతి తెప్పించి, రిజిస్టరులో ఆ సంఖ్యను ఎర్రసిరాతో కొట్టివేశాను. ఆ గీత గీస్తూ ఏడ్చాను.

2014లో రిటైరయ్యే ముందు చార్జి అప్పగించడానికి ఫైళ్లు సర్దుతుంటే ఆ సభ మినిట్స్ కనబడ్డాయి. మా రికార్డు అసిస్టెంటు శ్రద్ధగా రాశాడు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడానికి కంప్యూటర్లో ప్రతి దాచుకోవచ్చని ఆ ఏడాదే చట్టం సవరించారు, ఇలాంటి పాత పుస్తకాలకు వెంటనే ఆ పని చేయండి అని వకీలుగారు చెప్పారట. కింద నా సంతకం ఉంది. చదవకుండా పెట్టాను.

దాని వెనక ఫైలులో సేటు ఉత్తరం, జతచేసిన ప్రింటు ఉన్నాయి. ఆ పుస్తకంలో ఈ లోకంలో మిగిలిన పుట అదొక్కటే. దానికో జిరాక్సు తీసుకున్నాను. హక్కుదారును అడగలేదు.

రిటైరైన వారానికి షేర్ ఆటోలో కొమురయ్య ఇంటికి వెళ్లాను. జరిగింది ఒక్కటీ దాచకుండా చెప్పాను. సుజాత వాకిట్లోకి వెళ్లిపోయింది. ఆయన నా చేతిలోని కాగితం చూసి, “ఉన్నది సదువుండ్రి” అన్నాడు. చదివాను. తల్లి గొర్రె పిల్లను దగ్గరికి రానీయకపోతే పిల్ల ఒంటికి ఉప్పు రాయాలి, నాకుతూ నాకుతూ తల్లి దాని వాసన పడుతుంది, తన పిల్లేనని పోల్చుకుంటుంది. అయినా రానీయకపోతే కాపరి పిల్లను ఒళ్లో పెట్టుకుని తల్లి పక్కన కూర్చుని... అక్కడికి పుట అయిపోతుంది.

“కూసోని ఏం జేస్తడు మేడం?” అన్నాడు. నాకు గుర్తులేదు. అన్ని ఆదివారాలు చదివినదాన్ని, నాకు గుర్తులేదు.

ఉద్యోగంలో చట్టం వద్దనేవన్నీ కంఠతా పట్టాను, చేయవచ్చన్నది ఒక్కటీ వినలేదు. పుస్తకాన్ని కాపాడటం, పుస్తకం పేరు చెప్పి నన్ను కాపాడుకోవడం రెండు వేరువేరు పనులని పెన్షను కాగితాలతో పాటు తెలిసింది.