అక్క వేసిన వేలిముద్ర

మా అక్కను ఆమె ఇంట్లోంచే వెళ్లగొట్టారు. చట్టప్రకారం వెళ్లగొట్టారు, అదే నా కడుపుమంట.

మొన్న మల్కాపురం వెళ్తే ఆ ఇంటిని పడగొడుతున్నారు. పోర్టులో కూలి చేసిన బావ కట్టిన రెండు గదుల పెంకుటిల్లు. గాలి ఒక పక్కనుంచి వీస్తే రిఫైనరీ వాసన, ఇంకో పక్కనుంచి వీస్తే ఎండుచేపల వాసన. వాసన మారితే వాన వస్తుందని అక్క జోస్యం చెప్పేది, సగంసార్లు తప్పేది. పిల్లలు లేరు. మరిది కొడుకుని పెంచుకుంది. బావ పోయాక, తన తర్వాత ఇల్లు వాడికే అని వీధంతా చెప్పుకునేది. అలాగైతే రాయాల్సింది వీలునామా. వాడు రాయించింది దఖలు దస్తావేజు.

నేను చదివింది అయిదో తరగతి. ఈ మాటల తేడా ఆమె పని మీద తిరిగినప్పుడు, రిజిస్ట్రారు ఆఫీసు బయట దస్తావేజు లేఖరి బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాను. వీలునామా మనిషి పోయాకే పనిచేస్తుంది, బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దఖలు అలా కాదు, రాసి రిజిస్టరు చేయించగానే ఇల్లు చేతులు మారిపోతుంది. "దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో" అని ఉంటుంది అందులో. పెళ్లి మంత్రాల్లాగే అందరూ తలూపుతారు, ఒక్కరికీ అర్థం కాదు. ఇష్టపడే రాశారా అని అధికారి అడిగితే అక్కా తలూపింది. బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు నాదేనని ఒక్క వాక్యం రాయించుకుని ఉంటే ఆమెను ఎవరూ కదపలేకపోయేవారు. కనీసం తనను చూసుకోవాలన్న షరతైనా ఉంటే రద్దుకి దారి ఉండేదన్నాడు వకీలు. రెండూ లేవు.

వాడు ఇల్లు బేరం పెట్టి అక్కని ఖాళీ చెయ్యమన్నాక, అడగడానికి వెళ్లాను.

"మావయ్యా, కాయితం సూసుకో. ఇల్లు నాది. నానేటి దొంగతనం సేసినానా?"

"ఆవిడకి సదివి వినిపించావేట్రా?"

"అడిగితే సదవనా? అయినా నీకెందుకీ గోల? నువ్వేటి లాయరువా?"

ట్రంకుపెట్టె, ఇత్తడి బిందె పట్టుకుని అక్క కంచరపాలెంలో మా ఇంటికొచ్చింది. ఎందుకు చదివించుకోలేదని అడిగినప్పుడల్లా "పోన్లేరా" అని చింతపండు పిక్కలు తీసుకుంటూ కూర్చునేది. నాకు ఒళ్లు మండేది. వాడి మీద, లేఖరి మీద, సాక్షి సంతకాలు పెట్టి బిరియానీ తిని చెయ్యి కడుక్కుపోయిన చుట్టాల మీద.

ఇల్లు కూలడానికి ఒక్క పూట చాలింది. నా ప్రశ్నకి జవాబు రావడానికి మాత్రం ఏళ్లు పట్టింది. అక్క పోయేముందు, మంచం మీంచి, నా వైపు తిరక్కుండా చెప్పింది:

"నా వేలట్టుకుని సిరాలో వాడే అద్దినాడు తమ్ముడా. సిన్నప్పుడు వాడికి అన్నం కలిపెట్టిన సెయ్యది. అంతమందిలో సదవమంటే, నిన్ను నమ్మట్లేదురా అని వాడి మొకమ్మీద సెప్పినట్టుండదేటి?"