మీడియం అక్క

మా అక్కను ఫ్యాక్టరీలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. మీడియం అంటారు. సొంత దుకాణాల కోసం ఆడవాళ్ల చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ అది. అక్కడ ఆమె పని నిలబడటం. కొత్త రకం మొదలుపెట్టేముందు ఒక చొక్కా కుట్టి ఆమెకు తొడుగుతారు. చంక కింద పట్టేసిందా, చెయ్యెత్తితే నడుం దగ్గర లేస్తోందా, గుండీల మధ్య నోరు తెరుస్తోందా అని ప్యాట్రన్ మాస్టారు చుట్టూ తిరిగి చూస్తాడు. పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు తీసి అక్కడక్కడ గుచ్చుతాడు. ఆమె ఒంటికి సరిపోయిందే మీడియం. మిగతా సైజులన్నీ దాన్ని పెంచీ తగ్గించీ గీసేవే. ముక్కూమొహం తెలియని ఎందరో ఆడవాళ్లు మా అక్క ఒంటి లెక్కన బట్టలు తొడుక్కునేవాళ్లు. ఆ మాటంటే ఆమె, "వాళ్లకి తెలిస్తే తిడతార్రా" అని నవ్వేది.

కుట్టుమిషన్ మీంచి లేపి ఈ పనిలో పెట్టినప్పుడు ఆమె జీతం కాస్త పెరిగింది, నడుంనొప్పి పోయింది. షరతు ఒక్కటే, ఒళ్లు మారకూడదు. మేనేజరు పొట్ట ఏటా బెల్టుకు కొత్త చిల్లు పొడిపించుకుంటుంది. దానికి మాత్రం షరతుల్లేవు.

కొన్నేళ్లు బాగానే గడిచింది. ఒక చలికాలంలో ఆమె పాత ప్యాంటుకు గుండీ పట్టలేదు. మర్నాటి నుంచి తెల్లవారకముందే లేచి వీధి చివర పెట్రోలు బంకు దాకా నడవడం మొదలుపెట్టింది. తర్వాత తాడాట. "మా నెత్తిన ఎవరో రోకలేసి దంచుతున్నారు" అని కింది వాటావాళ్లు పోట్లాటకొస్తే తాడు మానేసి మెట్లెక్కడం పట్టుకుంది. తిండి సగం చేసింది. నడిచొచ్చాక కడుపులో పేగులు అరుస్తుంటే నీళ్లు తాగి పడుకునేది. బరువు తూచే యంత్రం కొని మంచం కింద పెట్టుకుంది. అందులో ముల్లు వెనక్కి రావడం నేనెప్పుడూ చూడలేదు.

బస్సు నడిపే మా బావ ఊరుకునే రకం కాదు. "నువ్వు నడుస్తుంటే ఆ రోడ్డు చిక్కిపోతోందే" అన్నాడొకసారి. ఆమె రెండ్రోజులు అతనితో మాట్లాడలేదు.

డాక్టరు రక్తం చూశాడు, థైరాయిడ్ చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. "వయసమ్మా. కొందరి ఒళ్లంతే. నడక మాత్రం మానకండి, గుండెకి మంచిది."

"నాకు గుండెతో పనిలేదండీ, నడుముతోనే" అంది అక్క. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మొదట్లో మాస్టారు నెలకోసారి టేపు పెట్టి ఆమెను కొలిచేవాడు. ఎన్నిసార్లు కొలిచినా అదే లెక్క వస్తుంటే విసుగుపుట్టి మానేశాడు. "నీకు టేపెందుకమ్మా, నువ్వే టేపువి" అనేవాడు. అందుకని చొక్కా ఆమెకు బిగుతైనప్పుడు తప్పు చొక్కాదే అనుకున్నాడు. "ఇక్కడ పట్టేసినట్టుందే" అంటూ ప్యాట్రన్ కాగితం మీద గీత కాస్త బయటికి జరిపాడు. అక్క ఊపిరి బిగబట్టి నిలబడింది, ఏమీ అనలేదు. మరో రకానికి మళ్లీ జరిపాడు. అలా ఆమెతోపాటు మీడియం కూడా లావెక్కుతూ వచ్చింది.

చివరికి దుకాణాల నుంచి పెట్టెలు తిరిగొచ్చాయి. మీడియం వదులు, ఎవరూ కొనడం లేదని. నేను పనిచేసే ప్యాకింగ్ బల్లల పక్కనే కటింగ్ బల్ల ఉంటుంది. అక్కడ గుడ్డ కోసే పెద్దాయనను అందరం బాబాయ్ అంటాం. మేనేజరు ఒక చొక్కా తెచ్చి ఆయన మొహాన ఆడించాడు.

"గీత దాటి కోస్తున్నావా?"

"గీత మీదే కోశాను సార్."

"మరి గుడ్డేమన్నా తిని లావెక్కిందా? రేపట్నించి రాకు."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. తలెత్తినవాడు లేడు. నేనూ ఎత్తలేదు. అక్క శాంపిల్ గది గుమ్మంలో, సగం సూదులు గుచ్చిన చొక్కాతో నిలబడి ఉంది. వెనక్కి తిరిగి లోపలికి పోతే ఆమె ఉద్యోగం ఆమెకు ఉండేది.

"సార్," అంది, "గుడ్డ కాదు, నేను లావెక్కాను."

ఎవరికీ అర్థం కాలేదు. "మాస్టారూ, టేపు తెండి" అంది అక్క.

"లోపలికి పదమ్మా, చూద్దాం."

"ఇక్కడే పెట్టండి."

ఆయన నడుం చుట్టూ టేపు తిప్పాడు. చూసి టేపు చుట్టేయబోయాడు. "పైకి చదవండి మాస్టారూ" అందామె. చదివాడు.

"ఎప్పట్నించి?" అన్నాడు మేనేజరు.

"నడక మొదలెట్టిన దగ్గర్నించి."

"నడిచి లావెక్కావా?"

"అవును సార్. మీరు మాత్రం నడవకండి."

వెనకనెవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు.

బాబాయ్ ఉద్యోగం నిలిచింది. మాస్టారు చీవాట్లు తిన్నాడు. అక్క ఆ సాయంత్రమే తన పాత మిషన్ ముందు కూర్చుంది, పాత జీతానికి. బాబాయ్ కోతముక్కలు కూరి ఒక మెత్త కుట్టి ఆమె స్టూలు మీద పెట్టి పోయాడు. శాంపిల్ గదిలోకి కొత్తమ్మాయి వచ్చింది. ఆమెను ఇప్పుడు నెలనెలా కొలుస్తున్నారు.

తిరిగొచ్చిన చొక్కాలను పనివాళ్లకు చవగ్గా అమ్మారు. సన్నవాళ్లకు వేలాడాయి, లావువాళ్లకు ఎక్కలేదు. అక్క ఒకటి తొడుక్కుని అన్ని గుండీలూ పెట్టుకుంది. చేతులు పైకెత్తింది. నడుం దగ్గర లేవలేదు. మాస్టారు అలవాటుకొద్దీ పెదాల మధ్యనుంచి సూది తీసి చుట్టూ తిరిగాడు. గుచ్చడానికి చోటు దొరక్క మళ్లీ పెదాల మధ్యే పెట్టుకున్నాడు.

రెండు కొంది. మర్నాడు తెల్లవారకముందే అందులో ఒకటి వేసుకుని చెప్పులు తొడుక్కుంటుంటే బావ దుప్పట్లోంచి తల బయటపెట్టాడు.

"ఆ పని పోయింది కదే, ఇంకా నడకెందుకు?"

"నడిస్తే బాగా ఆకలేస్తుంది. ఇప్పుడు తినొచ్చుగా" అని తలుపు దగ్గరికి వేసుకుని వెళ్లిపోయింది.