కలిపి సగం చేసిన లెక్క

నేను బడికి పోయింది నాలుగో తరగతి వరకే. కూడడం, తీసేయడం, సగం చేయడం వచ్చేసరికి ఇంట్లో పనికి పెట్టారు. ఆ కొంచెం చదువుతోనే యాభై ఏళ్లు సంసారం నడిపాను. ఏ లెక్కకూ ఇంకొకరి గడప తొక్కలేదు. ఆ గర్వం వల్లనే ఈ రోజు ఇంట్లో ఒక్కదాన్ని కూర్చుని ఇది రాస్తున్నాను.

మాది నర్సింహులపేట దగ్గరి ఊరు. ట్రాక్టర్ బోల్తాపడి కొడుకు పోయాక ఇంట్లో ముగ్గురం మిగిలాం. నేను, కోడలు, పదేళ్ల మనుమరాలు. రెండు బర్రెల పాలు ఊళ్లోని పాలకేంద్రంలో పోస్తే ఇల్లు గడుస్తుంది. ముసలి బర్రె పొద్దున పూట లీటరున్నరే ఇస్తుంది కానీ పాలు చిక్కన. రెండోదాన్ని జనగామ అంగడిలో కొన్నాం. కొత్తగా ఈనింది కాబట్టి నాలుగున్నర లీటర్లు ఇస్తుంది, పాలు పల్చన. పితికేది కోడలు. నా వేళ్లు వంకర్లు పోయి చాలాకాలమైంది.

కేంద్రంలో మిషను పాలలో వెన్న ఎంతుందో కొలిచి చీటీ ఇస్తుంది. దాన్ని బట్టే ధర. చీటీ మీద అంకెకూ అంకెకూ మధ్య పాయింటు ఉంటుంది. మొదట్లో అది చూస్తే నాకు తల తిరిగేది. రూపాయలూ పైసలూ అనుకున్నాక సులువైపోయింది. కొత్త బర్రెను అమ్మినవాడు చెప్పింది నిజమో కాదో చూద్దామని పది రోజులు రెండింటి పాలనూ వేరువేరు క్యాన్లలో పంపాను. ఒక్కోదానివి పది చీటీలు. అన్నీ కూడి, పాయింటును ఒక అంకె ఎడమకు జరిపితే సరాసరి వచ్చేసింది. ముసలిదానికి ఎనిమిది పాయింట్ నాలుగు, కొత్తదానికి సరిగ్గా ఆరు.

పదకొండో రోజు నుంచి రెండు పాలూ ఒకే క్యానులో పోయించాను. కలిస్తే ఎంత రావాలో ముందే చూసుకున్నాను. ఎనిమిది పాయింట్ నాలుగూ ఆరూ కలిపితే పద్నాలుగు పాయింట్ నాలుగు. అందులో సగం ఏడు పాయింట్ రెండు. బొగ్గుముక్కతో కొట్టం గోడ మీద రాసుకున్నాను. చీటీలో ఆరు పాయింట్ ఆరు వచ్చింది. మర్నాడూ అంతే. వారం చూశాను, ఒక్కనాడూ ఏడు దాటలేదు.

నీళ్లు కలుస్తున్నాయేమోనని కేంద్రం నడిపే అతన్ని చాటుగా అడిగాను. అతను పాలలో గొట్టం ముంచి చూసి, నీళ్ల చుక్క కూడా లేదన్నాడు. మరి వెన్న ఎటు పోతోంది? పాలు పితికే ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, ముందు వచ్చే పాలు పల్చన, ఆఖరున వచ్చేవి చిక్కన. వెన్నంతా ఆ ఆఖరి పాలలోనే ఉంటుంది. నా ఆలోచన అటు పోయింది.

పోవడానికి కారణం కూడా ఉంది. పిల్ల ఒంట్లో రక్తం తక్కువుందని, మంచి తిండి పెట్టాలని దవాఖానలో చెప్పారు. రోజూ గ్లాసెడు పాలు ఇద్దామని కోడలు నన్ను రెండుసార్లు అడిగింది. నేను అరగ్లాసు ఒప్పుకున్నాను, అదీ నీళ్లు కలిపి. అడిగితే ఇవ్వలేదు కాబట్టి ఆఖరి పాలు చాటుగా బిడ్డకు పోస్తోందని నిశ్చయించుకున్నాను. పితికేటప్పుడు నాలుగు రోజులు గుంజ పక్కన నిలబడ్డాను. ఏమీ కనబడలేదు. కనబడకుండా చేస్తోందనుకున్నాను తప్ప, చేయడం లేదని అనుకోలేదు.

ఐదో రోజు పొద్దున అడిగేశాను.

"ఆఖరి పాలు ఎటు పోతున్నయ్?"

"క్యాన్ల పోతున్నయ్ అత్తమ్మ. ఇంకెటు పోతయ్?"

"మిషను అబద్ధం చెప్తదా? నీ బిడ్డ పొట్టలకు పోతున్నయ్."

కోడలు చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. మనుమరాలు గడపలో కూర్చుని ఉంది, చేతిలో తన అరగ్లాసు. నా మాట విని గ్లాసు కింద పెట్టింది. నేను ఆ గ్లాసు తీసుకుని క్యానులో పోశాను. ఈ ఒక్క సంగతీ రాయకుండా వదిలేద్దామనుకున్నాను. వదిలితే మిగతాదంతా రాసీ లాభం లేదు.

పది గంటల బస్సుకు తల్లీబిడ్డా వెళ్లిపోయారు. కోడలి తల్లిగారిది మొగుళ్లపల్లి దగ్గర. ఇరుగుపొరుగు వాళ్లు పోయి తీసుకురమ్మన్నారు. రేపటి చీటీ వస్తే ఎవరి మాట నిజమో తెలుస్తుందని నేను అన్నాను.

మర్నాడు నేనే పితికాను. ఈ వేళ్లతో రెండు బర్రెలకు గంటన్నర పట్టింది. ఆఖరి చుక్క దాకా పిండాను. క్యానును నేనే మోసుకుపోయాను, దారిలో ఎవరినీ ముట్టనివ్వలేదు. చీటీలో ఆరు పాయింట్ ఆరు వచ్చింది. ఆ రోజు మిషను బాగాలేదనుకున్నాను. రెండో రోజూ అంతే. మూడో రోజు చీటీ పట్టుకుని అక్కడే అరుగు మీద కూలబడ్డాను.

కేంద్రం అతను ఏమైందని అడిగాడు. నా లెక్క చెప్పాను. అతను నవ్వాడు.

"రెండు బర్రెలను ఒక్క తీరు చేసినవ్ అవ్వా. అవి ఒక్క తీరు ఇస్తున్నయా పాలు?"

ఎవరివో పాలు కొలుస్తూనే చెప్పాడు. ఎనిమిది పాయింట్ నాలుగును లీటరున్నరతో హెచ్చిస్తే పన్నెండు పాయింట్ ఆరు. ఆరును నాలుగున్నరతో హెచ్చిస్తే ఇరవై ఏడు. రెండూ కలిపితే ముప్పై తొమ్మిది పాయింట్ ఆరు. మొత్తం ఆరు లీటర్లు కాబట్టి ఆరుతో భాగిస్తే ఆరు పాయింట్ ఆరు. పల్చటి పాలు మూడింతలున్నప్పుడు సరాసరి అటువైపే జరుగుతుందట. ఏడు పాయింట్ రెండు రావాలంటే రెండు బర్రెలూ సమానంగా ఇవ్వాలట.

ఇది నాకు తెలియనిదా? గ్లాసెడు గడ్డ పెరుగులో మూడు గ్లాసుల నీళ్లు పోస్తే మజ్జిగ ఎట్లా ఉంటుందో పెళ్లికి ముందు నుంచీ నా చేతికి తెలుసు. సగం చిక్కగా ఉంటుందని ఏనాడూ అనుకోలేదు. గోడ మీద అంకెలు రాసేటప్పుడు ఆ బుద్ధి ఏమైందో.

ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు. అయినా మొగుళ్లపల్లి దాకా పోవడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. కోడలు వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తోంది. పీట వేసి, మంచినీళ్లు ఇచ్చి, మళ్లీ కూర్చుంది. నేను లెక్కంతా చెప్పాను, పన్నెండు పాయింట్ ఆరూ, ఇరవై ఏడూ, ఏదీ వదలకుండా. తప్పు నాదేనన్నాను. ఆమె చేతులు ఆగలేదు.

"లెక్క తప్పిందని వచ్చినవ్ అత్తమ్మ. తప్పకుంటే వస్తుంటివా?"

ఇంకో గుప్పెడు మిరపకాయలు ముందుకు లాక్కుని మళ్లీ అంది.

"నేనైతే తియ్యలే. గని తీసిననే అనుకో. అది తాగితే ఏమైతుండె? నీ కొడుకు బిడ్డనే గద."

ఇరవై రోజుల్లో ఆ మాట నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆమె తీసిందా లేదా అన్నదే చూశాను. తీసి ఉంటే నాదే న్యాయమయ్యేదని ఆ వాకిట్లో కూర్చునే దాకా నమ్ముతూనే ఉన్నాను.

అన్నం పెట్టింది, తిన్నాను. పిల్లను అక్కడి బడిలో చేర్పించానని చెప్పింది. రానని కోపంగా అనలేదు. కోపంగా అంటే బతిమిలాడేదాన్ని.

నన్ను బస్సు ఎక్కించి రమ్మని పిల్లను పంపింది. మనుమరాలు నాకు రెండు బారల దూరంలో నడిచింది. ఇంకా సన్నబడింది. రోడ్డు మీద నిలబడ్డప్పుడు, పాలు తాగుతున్నావా బిడ్డా అని అడిగాను.

"తాగుతలేను నాయినమ్మ. అమ్మ పోస్తది గని నాకే వద్దనిపిస్తది."

బస్సు వచ్చింది. కిటికీలోంచి చూసేసరికి పిల్ల వెనక్కి తిరిగి నడుస్తోంది.

తర్వాత చాలాసార్లు చెప్పులు వేసుకుని వాకిలి దాకా వచ్చాను. పోతే ఏం చెప్పాలో తోచక మళ్లీ విప్పేశాను. నా దగ్గర చెప్పడానికి ఉన్నది ఆ లెక్క ఒక్కటే. అది చెప్పేశాను.