సముద్రానికీ శిఖం ఉంటుంది

మా జాగ్రఫీ సారు పోయారని నెల కిందట తార్నాక నుంచి ఫోనొచ్చింది. అప్పుడు నా చేతిలో సముద్రం ఒడ్డున మాకున్న ప్లాటు కాగితాలున్నాయి. మధ్యాహ్నం కొనేవాళ్లు రావాలి. ఆ ప్లాటు గురించి మొదట సలహా అడిగింది సారునే.

సారు దగ్గర యూనివర్సిటీలో చదివినవాళ్లకు ఆయన పటాలు గీసే తీరు గుర్తుంటుంది. నదులు, కొండలు, రైలు పట్టాలు అన్నీ ఇంకుతో. తీరం మాత్రం పెన్సిలుతో. ఎవరైనా ఇంకు పెడితే, "సముద్రం నీ ఇంకు జూసి ఆగుతదా బిడ్డా?" అనేవారు. భూమి వేడెక్కి, మంచు కరిగి, సముద్రం పైకొస్తుందని ఆయన చెబుతుంటే మేం నవ్వుకునేవాళ్లం. మా నల్లాలో నీళ్లే రోజు విడిచి రోజు వచ్చేవి మరి.

మా నాయనది అనంతపురం వైపు, కరువులో పెరిగిన మనిషి. రిటైరయ్యాక సముద్రానికెదురుగా ఇల్లు కట్టుకోవాలని ఆశ. "పుట్టినప్పట్నుంచి నీళ్ల కోసరం ఏడిస్తిమి. కండ్ల నిండా సూస్కుంటా కూచ్చుంటా పాపా" అనేవాడు. ప్లాట్లవాళ్లిచ్చిన రంగుల కాగితం తీసుకెళ్లి సారుకు చూపించాను. ఆయన నోట్లో పాన్ ఉంది. కాసేపు చూసి, మేం కొనాలనుకున్న ప్లాటుకు వెనకగా, ఊరివైపు, పెన్సిలుతో ఒక గీత గీసి, "గిది శిఖం బిడ్డా" అన్నారు.

నాకది శిఖరం అని వినపడింది. రకారం పాన్‌తో పాటు నమిలేశారనుకున్నాను. ఇంటికొచ్చి, ఎత్తైన జాగా అంట నాయనా అని చెప్పాను. నాయన కొనేశాడు.

నిరుడు ఈ సంగతి చెబితే సారు నవ్వలేదు. "శిఖమంటే చెరువు లోపలి భూమి. నీళ్లు దిగితే దున్నుకుంటరు, ఎక్కితే ఇడిశిపెడ్తరు. పాన్ ఉమ్మి చెప్పాల్సుండె నేను" అని తప్పు తనమీద వేసుకున్నారు. లేస్తూ లేస్తూ, "నీళ్లు ముందుగాల వస్తయి బిడ్డా, ధర ఎనుక దిగుతది. నడుమ కొన్నోడు మునుగుతడు" అన్నారు.

నిజంగానే ధర దిగలేదు. అలలు దగ్గరయ్యే కొద్దీ, సముద్రం ఇంకా బాగా కనిపిస్తుందని పెంచారు. దిగేలోపు అమ్మేసి ఊరుకుందామనే నేనూ అనుకున్నాను. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఫోనొచ్చిన ఆ మధ్యాహ్నం మా ఆఫీసులో పనిచేసే అతను అడిక్‌మెట్ నుంచి భార్యతో వచ్చాడు. రైతు కుటుంబం. "రేటు మీరన్నదే మేడమ్. సముద్రం ఎంత దూరమున్నది?" అన్నాడు.

నాయన నా వైపు చూశాడు. అది అమ్ముడుపోతే తప్ప ఆయనకు ఇంకెక్కడా ఇల్లు కట్టే దారి లేదు.

"అది శిఖం" అన్నాను.

అతను టీ కప్పు కింద పెట్టాడు. "సముద్రానికి గూడ శిఖముంటదా?"

"ఉంటుందని మా సారు చెప్పారు."

అతను దండం పెట్టి భార్యను లేవదీశాడు. సాయంత్రం దాకా నాయన ప్లాటు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. తర్వాత, "మీ సారును సూసేకి పోదాం పా" అని చెప్పులేసుకున్నాడు.

మొన్న ఇద్దరం ప్లాటు దగ్గరికి వెళ్లాం. సముద్రం వైపు హద్దురాయి, అల వెనక్కి పోయినప్పుడు మాత్రమే నాచుతో పచ్చగా కనిపిస్తోంది. నాయన మోకాళ్ల లోతు నీళ్లలో దాని పక్కన నిలబడి, పంచె తడుస్తున్నా కదలకుండా, కళ్ల నిండా చూస్తున్నాడు.