సమాధుల తోటకు తాతయ్య చెప్పులు

ఈస్టరు ముందురోజు సాయంత్రం మా ఫ్లాటులో ఆముదం వాసన వస్తుంది. వంటకూ కాదు, వైద్యానికీ కాదు. అటక మీంచి దించిన పాత తోలు చెప్పుల జతకు గుడ్డపీలికతో ఆముదం పట్టిస్తూ కూర్చుంటాను నేను. కిందనుంచి ఎల్బీనగర్ చౌరస్తా హారన్లు ఎంత మోగినా, ఆ వాసన ముక్కుకు తగలగానే నేను కొత్తపేట కిరాయి ఇంట్లో ఉంటాను, నాకు ఎనిమిదేళ్లుంటాయి.

ఈస్టరు వచ్చే రోజులకే పండ్ల మార్కెట్లోకి మామిడికాయల లారీలు దిగేవి. ఎండుగడ్డి వాసన, పండీ పండని కాయల వాసన, ఎండకు కాగిన తారు వాసన కలిసి మా వీధి వీధంతా పరుచుకునేవి. ఆ వీధిలోనే తాతయ్య రోజూ సాయంత్రం టపటపమంటూ నడిచేవాడు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన లెక్కల మాస్టారు ఆయన, వట్టి కాళ్లతో నేల మీద అడుగు పెట్టగా నేను చూడలేదు. స్నానాలగదికి ఒక జత, ఇంట్లోకి ఒక జత, బయటికి ఈ తోలుజత. దీనికి వారం వారం ఆముదం పట్టించేవాడు, కుట్లు ఊడితే దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర చెప్పులు కుట్టేవాడి ముందు స్టూలేసుకుని కూర్చుని, పని అయ్యేదాకా చెప్పులవంకే చూస్తుండేవాడు. "కాళ్లనే పెళ్లి చేసుకున్నాడమ్మా ఈయన, నన్ను కాదు," అనేది నాయనమ్మ.

ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజుల శ్రమల దినాలు మొదలైన వారానికే తాతయ్య పోయాడు. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, మెడలో దండ, అన్నీ బాగానే ఉన్నాయిగానీ కాళ్లు బోసిగా ఉన్నాయి. అది నేను చూశాను. ఆనాటి నుంచి నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. పాట లేదు, పోపు వాసన లేదు, నన్ను తిట్టడం కూడా లేదు. ఇంటి ఓనరు యాదమ్మత్త రోజూ తలుపు దగ్గర నిలబడి, "జర లేచి ఇంత తిను పెద్దమ్మా, గిట్లయితే ఎట్ల?" అని బతిమాలేది. నాయనమ్మ ఊఁ అనేది, లేచేది కాదు. ఇక ఎప్పటికీ లేవదేమోనని నాకు భయం పట్టుకుంది.

అలాంటప్పుడు సండే స్కూల్లో టీచరు, యేసయ్య లేచాడు కాబట్టి చనిపోయిన మనవాళ్లందరూ లేస్తారని చెప్పింది. ఎప్పుడో చెప్పలేదు. పండుగ ఉన్నదే అందుకు కాబట్టి ఈస్టరు తెల్లవారే అయుంటుందని నేను తేల్చేసుకున్నాను. తాతయ్య లేస్తే నాయనమ్మ కూడా లేస్తుంది, ఇక దిగులేముంది! శనివారం నాన్నతో కలిసి సమాధులకు సున్నం వేయడానికి వెళ్లాను. నీలిమందు కలిపిన సున్నం బకెట్టు మోస్తూ చూస్తే తోట నిండా పల్లేరుకాయలు. తాతయ్య మట్టిదిబ్బ చుట్టూ మరీ ఎక్కువ. పాపం, ఆ కాళ్లతో ఎలా నడుస్తాడు?

మర్నాడు చీకటితోనే లేచి, గుమ్మం దగ్గర ఎవరూ కదిలించని ఆ తోలుచెప్పుల్ని తోటకు తీసుకెళ్లే పూలబుట్టలో అడుగున పెట్టి పైన బంతిపూలు కప్పేశాను. సమాధి మీద మొదటి ఏడాది కొవ్వొత్తి ఆవిడ చేత్తోనే వెలిగించాలని నాన్న బతిమాలితే నాయనమ్మ బయల్దేరింది, చెప్పులేసుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా. తోటంతా కొవ్వొత్తులు, తడి సున్నం వాసన, పాటలు. తాతయ్య దగ్గరికి రెండడుగుల దూరం ఉందనగా "అమ్మా!" అంటూ నాయనమ్మ ఒంటికాలి మీద ఆగిపోయింది. పల్లేరు ముల్లు. సరిగ్గా అప్పుడే నేను పూలు తోసేసి చెప్పులు తీసి దిబ్బ పక్కన, ఆయన కాళ్ల వైపు, జతగా పెట్టాను.

"ఇవెందుకు తెచ్చావే?"

"తాతయ్య లేస్తే వేసుకోడానికి. అన్నీ ముళ్లే కదా నాయనమ్మా."

ఆవిడ నన్ను చూసింది, చెప్పుల్ని చూసింది, తన కాలిని చూసుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడ్చింది కూడా, కానీ ముందు నవ్వొచ్చింది. కళ్లనీళ్లు కారుతుండగానే, "మీ తాతయ్య ఇంకా కాసేపు పడుకుంటాడులేవే. ఈలోపు నేను తొడుక్కుంటాను, ఆయన లేచాక ఇచ్చేద్దాం," అంది. పాస్టరు అయ్యగారు "ప్రభువు లేచెను" అనగానే, "నిజముగా లేచెను" అని అందరికంటే గట్టిగా అన్నది నాయనమ్మే.

ఆ పెద్ద చెప్పుల్లో టపటపలాడుతూ మార్కెట్ మీదుగా ఇంటికి నడిచింది. గేటు దగ్గర యాదమ్మత్త నోరు తెరిచి, "ఏంది పెద్దమ్మా, పెద్దాయన చెప్పులేసుకొని ఒస్తున్నవ్?" అంటే, "ముల్లు గుచ్చుకుందని ఆయనే ఇచ్చాడు," అని లోపలికెళ్లి గారెలకు పప్పు రుబ్బడానికి కూర్చుంది. కోడికూర వాసన యాదమ్మత్త ఇంటిదాకా పోయింది. పునరుత్థానం మీద తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాను, వాటన్నిటినీ నమ్మడానికి నాకు ఆ రుబ్బురోలు చప్పుడే ఆధారం.

ప్రతి ఈస్టరుకూ ఆ చెప్పుల్లోనే తోటకు వెళ్లిన నాయనమ్మ ఇప్పుడు తాతయ్య పక్కనే ఉంది. పండ్ల మార్కెట్ ఊరి బయటికి వెళ్లిపోయింది. సమాధులన్నీ గ్రానైటు, సున్నం పని లేదు. దారంతా టైల్సు, వెతికినా ఒక్క పల్లేరుకాయ దొరకదు. అయినా నేను చెప్పులు తీసుకెళ్తాను. ఈ ఏడు బయల్దేరేటప్పుడు నా హవాయి చెప్పులు ఎంత వెతికినా కనబడక బూట్లతోనే వెళ్లాను. తోటలో బుట్టలో పూలు తీస్తే, తోలుచెప్పుల పక్కనే అవి ఉన్నాయి.

"లేచేది ఇద్దరు గదా అమ్మా," అంది మా అమ్మాయి. "జత ఒక్కటే ఉంది. మరి తాతమ్మ ఏమేసుకుంటది?"

అక్కడే కూలబడి కళ్లనీళ్లు కారేదాకా నవ్వాను. నా చెప్పులు నాయనమ్మకు బిగుతవుతాయి. వచ్చే ఈస్టరుకల్లా ఆవిడ కొలతకు ఒక జత కొనాలి.